లెక్కే లేని చెత్తకు జోస్యమా?

సంపాదకుడు గారికి,

కొవిడ్ రోజుల్లో పారేసిన మాస్కులు, గ్లౌజులు, పీపీఈ కిట్ల వల్ల నీళ్లలో ఎంత మైక్రోప్లాస్టిక్ (ప్లాస్టిక్ సన్న ముక్కలు) చేరుతుందో మెషీన్ లెర్నింగ్‌తో, అంటే పాత లెక్కల నుంచి కంప్యూటర్ తానే నేర్చుకునే పద్ధతితో, ముందే చెప్పొచ్చని పరిశోధకులు అంటున్నారు. మంచిదే. వాన, ఎండ, కాలువల పారుదల, జనసాంద్రత అన్నీ కలిపి చూడాలంటే అలాంటి సాయం కావాల్సిందే. నా అనుమానమల్లా దానికి మనం అందించే లెక్కల మీద.

2020 నుంచి చాలా పరిశోధనల్లో మాస్కులను లెక్కగట్టిన తీరు చూడండి. జనాభాలో పట్టణవాసుల వాటా తీసుకుని, వారిలో 80 శాతం మాస్కు పెట్టుకుంటారని, తలా రోజుకొకటి పారేస్తారని అనుకుని గుణించేయడమే. మరి మన దగ్గర జరిగిందేమిటి? ఆ ఏప్రిల్‌లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచాలని నిర్ణయించి, పొదుపు సంఘాల మహిళలతో గుడ్డ మాస్కులు కుట్టించింది. వాటిని ఉతుక్కుంటూ నెలల తరబడి వాడాం. సర్జికల్ మాస్కునూ జేబులో పెట్టుకుని వారం లాగించాం (పోలీసు కనిపిస్తేనే గడ్డం మీంచి ముక్కు మీదికి వచ్చేదనుకోండి). ఊహించిన అంకెలతో శిక్షణ ఇస్తే కంప్యూటర్ మోడల్ ఆ గుణకారాన్నే మళ్లీ అప్పజెబుతుంది.

ఆసుపత్రుల చెత్త లెక్క కొంత నయం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో తెచ్చిన యాప్‌లో దాని వివరాలు నమోదయ్యాయి. ఇళ్లలో వాడిన మాస్కులను మాత్రం కాగితం సంచిలో 72 గంటలు ఉంచి, కత్తిరించి, పొడి చెత్తలో వేయమన్నారు. బండెక్కాక వాటి జాడ ఎవరికీ తెలీదు.

విశాఖలో జాలరిపేట ఒడ్డున వలలు బాగుచేసే చోట ఇప్పటికీ మాస్కు తాళ్లు కనిపిస్తుంటాయి. ఒక మాస్కు చేతికి తీసుకున్నాను. పైనున్న నీలం పొర వెలిసిపోయింది, ముక్కు దగ్గరి తీగ తుప్పు పట్టింది. వేళ్ల మధ్య నలిపితే పొర నూగులా రాలింది. అది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్, ఎండకు పెళుసెక్కుతుంది. 5 మిల్లీమీటర్ల లోపు ముక్కలన్నీ మైక్రోప్లాస్టిక్కే కాబట్టి, అప్పుడు పారేసినవి ఇంకా ముక్కలవుతూనే ఉన్నాయన్నమాట. పాలీప్రొపిలీన్ మొదట నీటి మీద తేలుతుంది, నాచు పట్టి బరువెక్కాక మునుగుతుంది. పైనీళ్లు ముంచి చూస్తే సగం కథే తెలుస్తుంది. పైగా బియ్యం బస్తాలూ, పడవ తాళ్లూ చాలావరకు ఇదే ప్లాస్టిక్. ఏ నార ఎక్కడిదో ప్రయోగశాలలో తేల్చకుండా నేరమంతా మాస్కు మీద వేయడం కుదరదు.

అందుకే నగరపాలక సంస్థకు, కాలుష్య నియంత్రణ మండలికి నా విన్నపం. గెడ్డలు (వాగులు) సముద్రంలో కలిసే చోట నెలనెలా, తొలి వానలు పడ్డాక తప్పకుండా, నీరు, బురద, ఇసుక నమూనాలు తీయించండి. ఆంధ్ర విశ్వవిద్యాలయం, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఊళ్లోనే ఉన్నాయి, మనుషుల కోసం ఢిల్లీ దాకా వెళ్లక్కర్లేదు. 2020, 2021 నాటి ఆసుపత్రి చెత్త వివరాలను జిల్లాలవారీగా బయటపెట్టండి. జోస్యం చెప్పే సాఫ్ట్‌వేర్‌కు టెండరు పిలిచేది ఆ తర్వాతే.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం