పంటల పాఠం చెప్పే ఛాత్రోపాధ్యాయులకు మడి చూపించండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. మేము బి.ఇడి. కళాశాలల్లో జీవశాస్త్ర బోధన పద్ధతులు చెప్పే అధ్యాపకులం. మా ఛాత్రోపాధ్యాయులు, అంటే బి.ఇడి. చదువుతూ బడుల్లో బోధన సాధన చేసేవారు, హైస్కూళ్లలో పంటల పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు ఎక్కడ తడబడుతున్నారో, దాన్ని సరిచేయడానికి ఏం కావాలో మీ దృష్టికి తేవాలని రాస్తున్నాం.

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ల బి.ఇడి.లో 20 వారాలు బడులతో గడపాలి. అందులో 16 వారాలు రెండో ఏడాదిలోనే. వ్యవధికి లోటు లేదు. లోటంతా చేతి పనిలో ఉంది. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివి వచ్చినవారు వరి శాస్త్రీయ నామం తడుముకోకుండా చెబుతారు. ఎకరం నాటడానికి నారుమడిలో 20 నుంచి 25 కిలోల విత్తనం ఎందుకు పోస్తారని ఆరో వరుసలోంచి ఒక పిల్లవాడు అడిగితే మాత్రం ఆగిపోతారు. తప్పు వారిది కాదు. వారికి అది నేర్పే ఏర్పాటు మా కళాశాలల్లోనూ లేదు.

మంచి విత్తనాన్ని వేరుచేసే ప్రయోగమే తీసుకోండి. బీకరులో మంచినీళ్లు పోసి గుప్పెడు వడ్లు వేస్తారు. తేలినవి చెడ్డవి, మునిగినవి మంచివి అని బోర్డు మీద రాస్తారు. కానీ మంచినీటిలో పైకి తేలేది దాదాపు లోపల గింజ లేని తాలు ఒక్కటే. సగం పాలు పోసుకుని ఆగిపోయిన గింజ కూడా మునుగుతుంది. దాన్ని తేల్చాలంటే ఉప్పు నీళ్లు కావాలి. లీటరుకు 150 నుంచి 200 గ్రాముల ఉప్పు కరిగించాలి. తాజా కోడిగుడ్డు వేస్తే పైభాగం రూపాయి బిళ్లంత కనిపించేలా తేలాలి. అది కొలత. వడ్లు వేశాక చేత్తో బాగా కలిపి రెండు నిమిషాలు ఆగాలి, లేకపోతే పొట్టు నూగుకు పట్టుకున్న గాలి బుడగలు నిండు గింజను కూడా పైన నిలబెడతాయి. మునిగినవాటిని వెంటనే రెండుసార్లు మంచినీళ్లతో కడగాలి. కడగకపోతే ఉప్పు మొలకను దెబ్బతీస్తుంది, మర్నాడు ఆ గింజలతో చేసే మొలక పరీక్ష తప్పు చూపిస్తుంది. ఈ నాలుగు మాటల్లో ఏ ఒక్కటీ పాఠ్య పథకంలో కనిపించదు.

మొలక పరీక్ష ఇంకా ఎక్కువగా చెడిపోతుంది. పెసలు 100 లెక్కపెట్టి, తడిపి పిండిన గుడ్డ మీద ఒకదానికొకటి తగలకుండా పరిచి చుట్టాలి. గుడ్డను పట్టుకుంటే చల్లగా ఉండాలి కానీ నీటి చుక్క కారకూడదు. నీళ్లు ఎక్కువైతే గాలి ఆడక గింజలు జిగురుపట్టి కుళ్లుతాయి. శనివారం చుట్టిన గుడ్డకు ఆదివారం నీళ్లు చిలకరించేవారుండరు. సోమవారం చుడితే శుక్రవారానికి పిల్లలే చూసి లెక్క రాసుకోవచ్చు. ఆ లెక్కలోనూ ఒక పొరపాటు ఎప్పుడూ జరుగుతుంది. ముక్కు బయటపెట్టిన ప్రతి గింజనూ మొలిచినట్టే రాస్తారు. వేరు, కాండం రెండూ సవ్యంగా ఉన్న మొక్కనే లెక్కలోకి తీసుకోవాలి. వేరు తెగినవీ, మెలితిరిగినవీ విడిగా రాయాలి. నీళ్లు పీల్చకుండా రాయిలా మిగిలిన గట్టి గింజలను చచ్చినవాటిలో కలపకూడదు. ధ్రువీకరణ విత్తనానికి పెసరలో గట్టి గింజలతో కలిపి కనీసం 75 శాతం, వరిలో 80 శాతం మొలక ఉండాలి. తరగతిలో 62 వస్తే దాన్ని దాచి చార్టులో 90 వేయడం మా రికార్డుల్లో కనిపించే అలవాటు. ఆ 62 ఎందుకొచ్చిందన్నదే అసలు పాఠం కదా!

మట్టి నమూనా తీయడమైతే చాలాచోట్ల బొమ్మగానే మిగిలింది. చేనంతా వంకరటింకరగా నడుస్తూ పదిచోట్ల వి ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తీసి, పక్క గోడ నుంచి పైనుంచి కింది వరకు పలుచని పొర గీరాలి. అన్నీ కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేస్తూ అర కిలో మిగిలేదాకా తగ్గించాలి. గట్ల దగ్గర, చెట్ల కింద, పెంటకుప్ప ఉన్నచోట తీయకూడదు. నీడలో ఆరబెట్టాలి. పిల్లలు ఇంటి నుంచి తెచ్చే ఖాళీ యూరియా సంచిలో వేస్తే ఆ నమూనా పనికిరాదు. నడిచి వెళ్లి రావడానికే పది నిమిషాలు పోయే పీరియడ్‌లో ఇదంతా పట్టదు, రెండు పీరియడ్లు కలిపి ఇవ్వాలి.

మాటల సంగతీ చెప్పాలి. రాయలసీమ బడిలో నాగలిని మడక అనాలి. డెల్టాలో బురద దుక్కిని దమ్ము, నారుమడిని ఆకుమడి, నాట్లను ఊడ్పులు అంటే పిల్లలు వెంటనే అందుకుంటారు. వేరే జిల్లా నుంచి వచ్చిన ఛాత్రోపాధ్యాయుడు మొదటి వారంలోనే ఆ ఊరి మాటలు పదిహేనో ఇరవయ్యో రాసుకుంటే సగం పాఠం నడిచిపోతుంది.

ఇవన్నీ ఎందుకు జరగడం లేదంటే, పర్యవేక్షకులు వచ్చేది ఒక్క పీరియడ్‌కు. మార్కులు ఆ పీరియడ్‌లో కనిపించిన చార్టుకు, ప్రశ్నలకు. అయిదో రోజు గుడ్డ విప్పి చూసిన పనికి మార్కుల పట్టికలో గడి లేదు. పైగా బడిలో పాఠాలు చెప్పే ఇంటర్న్‌షిప్ ఏ నెలలో పడితే ఆ నెలలో ఈ పాఠం వస్తుంది. బయట నారుమళ్లు పచ్చగా ఉన్నప్పుడు కాకుండా కోతలయ్యాక నాట్ల గురించి చెప్పాల్సి వస్తుంది.

మేము అడిగేది పెద్ద బడ్జెట్ కాదు. ఇంటర్న్‌షిప్‌కు ముందు మూడు రోజులు ఛాత్రోపాధ్యాయులను దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి పంపండి. పైన చెప్పిన మూడు పనులూ తమ చేత్తో, తప్పు వచ్చేదాకా చేయనివ్వండి. బడి ఆవరణలో ఒక్క సెంటు, అంటే సుమారు 40 చదరపు మీటర్ల నేల కేటాయించండి. నేల లేని బడికి అడుగున రంధ్రాలున్న ట్రేలు చాలు. 20×15 సెంటీమీటర్ల దూరంలో నాటితే చదరపు మీటరుకు 33 కుదుళ్లు వస్తాయని తాడు పట్టి పిల్లలే తేల్చుకుంటారు, గణితం మాస్టారికీ పనికొస్తుంది. ఊరి రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకులు నెలకొకసారి బడికి వచ్చేలా వ్యవసాయ శాఖతో కలిసి ఒక ఉత్తర్వు ఇప్పించండి. పురుగుమందులు, విత్తనశుద్ధి రసాయనాలు మాత్రం పిల్లల చేతికి ఇవ్వకూడదని అందులోనే స్పష్టంగా రాయించండి.

జూన్‌లో బడులు తెరిచేనాటికి నారుమళ్లకు దుక్కులు మొదలవుతాయి. ఉత్తర్వు మే నెలలోనే కళాశాలలకు అందితే వచ్చే ఖరీఫ్‌కే మా ఛాత్రోపాధ్యాయులను సిద్ధం చేయగలం. మొలక పరీక్ష, మట్టి నమూనాలకు మార్కుల పట్టిక ముసాయిదా మా దగ్గర తయారుగా ఉంది. కబురు చేస్తే తెచ్చి ఇస్తాం.

భవదీయులు,
జీవశాస్త్ర బోధన పద్ధతుల అధ్యాపకులు