సోదాకు వచ్చినవారు కాగితం ఇచ్చి వెళ్లాలి

సంపాదకులకు,

గంజాయి దాచిన ఇళ్లు, అద్దె గదులు, లాడ్జీల మీద పోలీసు దాడుల వార్తలు మీ జిల్లా పేజీలో తరచూ చూస్తున్నాను. దాడులు జరగాల్సిందే. పాడేరు, నర్సీపట్నం దారుల్లో ఏళ్ల తరబడి నడిచిన సరుకు ఎంతమంది కుర్రాళ్లను పాడుచేసిందో మా వైపు వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు తగలబెట్టిన గంజాయే రెండు లక్షల కిలోలు. 2024 చివర్లో రాష్ట్ర పోలీసుల్లో మత్తు పదార్థాల కట్టడికి ఈగల్ విభాగం వచ్చాక, 1972 నంబరుకు ఫోన్ చేస్తే కదులుతారన్న ధైర్యం జనానికి కాస్త వచ్చింది.

నేను రెవెన్యూలో పనిచేసిన రోజుల్లో పోలీసులు, ఎక్సైజ్ వాళ్లు పిలిస్తే మధ్యవర్తిగా, అంటే సోదా చూసి సంతకం పెట్టే సాక్షిగా, వెళ్లినవాణ్ణి. ఇంటి సోదా ఎలా జరగాలో, ఎలా జరుగుతోందో రెండూ చూశాను కనుక ఈ లేఖ రాస్తున్నాను.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్, 42వ సెక్షన్ కింద పోలీసులకు పెద్ద అధికారమే ఇచ్చింది. కానిస్టేబుల్ కంటే పై హోదాలో ఉండి, ప్రభుత్వం అధికారమిచ్చిన ఉద్యోగి పగటిపూట వారంటు లేకుండా ఇంట్లోకి వెళ్లొచ్చు. అడ్డుపడితే తలుపు పగలగొట్టొచ్చు. వారంటు కోసం ఆగితే సరుకు మాయమవుతుందని నమ్మితే, ఆ కారణం రాసిపెట్టి రాత్రి కూడా వెళ్లొచ్చు. ఈ అధికారం అక్కర్లేదని నేను అనను. లాడ్జి గదిలోని పొట్లాలు వెనక కిటికీలోంచి పక్క డాబా మీదికి పోవడానికి ఎంతసేపు పడుతుంది?

కానీ అదే సెక్షన్ ఇంకో మాట కూడా చెప్పింది. అందిన సమాచారాన్ని ముందు రాసుకోవాలి. దాని ప్రతిని 72 గంటల్లోగా పై అధికారికి పంపాలి. ఆలస్యమైతే సరైన కారణం చూపించుకోవచ్చు గానీ అసలు పాటించకపోతే ఒప్పుకునేది లేదని 2009లో హరియాణా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఒక ఇంటి మీద నమ్మదగిన కారణం ఉంటేనే ఈ సెక్షన్ పనికొస్తుంది. కార్డన్ సెర్చ్ పేరుతో తెల్లవారుజామున బస్తీ మొత్తాన్ని చుట్టుముట్టి ప్రతి తలుపూ తట్టడానికి దీన్ని వాడుకోకూడదు.

మధ్యవర్తుల నివేదిక సోదా జరిగిన గుమ్మంలో కూర్చుని రాయాల్సిన కాగితం. మూట ఎక్కడ దొరికిందో చూసి, తూకం వేయించి, లక్క సీలు పడ్డాక సంతకం పెట్టాలి. స్టేషన్లో టైపు చేసి ఉంచిన కాగితం మీద మర్నాడు సంతకం పెట్టమనే అలవాటు కూడా ఉంది. అలా సంతకం పెట్టినవాడు రెండు మూడేళ్ల తర్వాత బోనెక్కితే, ‘ఆ ఇంటి వాకిలి ఏ దిక్కుకు ఉంది?’ అని డిఫెన్స్ లాయరు అడుగుతాడు. మనిషికి నోట మాట రాదు. గంజాయి నిజంగానే దొరికినా కేసు అక్కడితో చతికిలపడుతుంది, అమ్మినవాడు దర్జాగా ఇంటికి వెళ్తాడు.

ఇక ఏమీ దొరకని ఇళ్ల సంగతి. మా వీధిలో ఒకామెది వంట పని చేసుకుని బతికే కుటుంబం. తెల్లారగట్ల మఫ్టీలో వచ్చిన పోలీసులు గడియ ఊడగొట్టి లోపలికి వెళ్లారు. బియ్యం డ్రమ్ము బోర్లించారు, బీరువాలో బట్టలన్నీ నేల మీద పడేశారు. ఏమీ దొరకలేదు. వాళ్లు వెతుకుతున్న ఇల్లు వెనక సందులో ఉందట! ఆ మాట చెప్పి వెళ్లిపోయారు. చేతికి ఒక్క కాగితం ఇవ్వలేదు. గడియ ఖర్చు ఆమే పెట్టుకుంది. ఆ తర్వాత ‘పోలీసులు ఊరికే వస్తారా’ అని ఆమెను పనిలోంచి మానిపించిన ఇళ్లున్నాయి.

కారణం లేకుండా సోదా చేసిన అధికారికి ఈ చట్టంలోని 58వ సెక్షన్ ఆరు నెలల వరకు జైలు, లేదంటే వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అంటోంది. కక్షతో తప్పుడు సమాచారం ఇచ్చి సోదా చేయించినవాడికి రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. అయితే ఎవరు వచ్చారో, ఏ హోదాలో వచ్చారో, ఏ సమాచారం మీద వచ్చారో చెప్పే కాగితమే లేకపోతే ఆమె ఏం పట్టుకుని కోర్టుకు వెళ్తుంది?

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్, అంటే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం, 105వ సెక్షన్ ప్రకారం సోదా మొత్తం వీడియో తీసి, ఆలస్యం చేయకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. సోదా జరుగుతున్నంతసేపూ ఇంటివాళ్లు దగ్గరుండి చూడొచ్చని, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా ప్రతి వాళ్లకు ఇవ్వాలని 103వ సెక్షన్‌లో ఉంది. ఏదైనా దొరికితే ఈ తతంగం కొంతైనా నడుస్తోంది. దొరకకపోతేనే ఏమీ జరగనట్టు వెళ్లిపోతున్నారు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, జిల్లా ఎస్పీ ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. సోదా చేసిన ప్రతి ఇంట్లో అధికారి పేరు, హోదా, వచ్చిన సమయం, వెళ్లిన సమయం రాసి, ఏమీ దొరకకపోతే ‘ఏమీ దొరకలేదు’ అని రాసి సంతకంతో ఇవ్వాలి. ఇల్లు పొరపాటైతే పగిలిన తలుపు ఖర్చు శాఖే భరించాలి. నెలలో ఎన్ని ఇళ్లు సోదా చేశారో, వాటిలో ఎన్నింట్లో సరుకు దొరికిందో, ఎన్ని కేసులు కోర్టులో నిలబడ్డాయో పత్రికలకు ఇవ్వాలి. పట్టుకున్న కిలోల లెక్క ఎలాగూ ఇస్తున్నారు కదా, ఈ మూడు అంకెలూ దాని పక్కనే వేయమని ఎస్పీ గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి,
అనకాపల్లి జిల్లా