కాల్గూర్లీ కథలో నీళ్లెక్కడ?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలోని బంగారు గనుల ఊరు కాల్గూర్లీ మీద వచ్చిన వ్యాసాన్ని నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చాక ఫోన్‌లో చదివాను. ఏడేళ్లుగా నేను ఈ ఊళ్లో నర్సుగా పనిచేస్తున్నాను. మా ఊరి గురించి తెలుగులో పేజీ నిండా కనపడేసరికి నిద్ర ఎగిరిపోయింది. వ్యాసంలో తప్పులేమీ లేవు. 1893 జూన్‌లో ప్యాడీ హానన్, టామ్ ఫ్లానగన్, డాన్ షే అనే ముగ్గురు ఐరిష్ వాళ్లకు ఇక్కడ నేల మీదే బంగారం దొరకడం, 17వ తేదీన హానన్ పక్క ఊరు కూల్‌గార్డీ వెళ్లి దాన్ని రిజిస్టర్ చేయించడం, రోజుల్లోనే వందలమంది వచ్చి పడటం అన్నీ సరిగ్గానే రాశారు. బంగారం ఎన్ని ఔన్సులో కూడా రాశారు. వాళ్లు ఏం తాగి బతికారో మాత్రం ఎక్కడా లేదు. నా బాధ అదే.

ఇక్కడ ఏడాది మొత్తం మీద కురిసే వాన 260 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. నది లేదు, వాగు లేదు. సరస్సులు ఉన్నాయిగానీ అన్నీ ఉప్పు. ఈ నేలలో బంగారాన్ని కడగడానికి కూడా నీళ్లు లేక, మట్టిని ఒక పళ్లెంలోంచి కింద పెట్టిన ఇంకో పళ్లెంలోకి గాలివాటున పోసేవారు. దుమ్ము ఎగిరిపోయేది, బరువున్న బంగారం పళ్లెంలో పడేది. మనం ధాన్యం తూర్పారపట్టడమే. రోజంతా ఆ దుమ్ములో నిలబడ్డవాడికి సాయంత్రం ముఖం కడుక్కోవడానికి చెంబుడు నీళ్లు ఉండేవి కావు.

నీళ్లున్న చోట్లు మొదటి నుంచీ తెలిసినవాళ్లు ఇక్కడి ఆదివాసులు. రాతి దొనల్లో వాన నీళ్లు నిలిస్తే, ఎండకు ఆవిరి కాకుండా వాటి మీద బండపలకలు కప్పి ఉంచేవారు. బంగారం వెతికేవాళ్లు వాటి మీద పడి, గుర్రాలకూ ఒంటెలకూ పట్టి అడుగంటించారు. డేవిడ్ కార్నెగీ అనే ఆయన 1896లో కూల్‌గార్డీ నుంచి ఉత్తరాన ఎడారిలోకి బయలుదేరాడు. దారిలో ఆదివాసులను పట్టి కట్టేసి, దాహం పుట్టడానికి ఉప్పు మాంసం పెట్టి, నీళ్లు ఎక్కడున్నాయో చూపించుకున్నాడు. ఈ సంగతి ఆయనే రాసిపెట్టుకున్నాడు. దీన్ని సాహసం అనడానికి నాకు నోరు రాదు.

తర్వాత వచ్చినవాళ్లు మనకు మరీ దగ్గరివాళ్లు. ఒంటెల వాళ్లు. అందరినీ కలిపి ‘అఫ్ఘాన్లు’ అనేవారుగానీ, చాలామంది అప్పటి బ్రిటిష్ ఇండియాలోని పంజాబ్, పెషావర్, బలూచిస్తాన్, సింధ్ ప్రాంతాల వాళ్లు. ఫైజ్ మహమ్మద్, టాగ్ మహమ్మద్ అనే అన్నదమ్ములు ఇక్కడ పెద్ద ఎత్తున ఒంటెల వ్యాపారం చేశారు. 1896లో రైలు వచ్చేదాకా, రైలు వచ్చాక దాని అవతల ఉన్న గనులకు, పిండీ టీపొడీ నీళ్లపీపాలూ మోసుకెళ్లింది ఆ ఒంటెలే. కానీ బంగారం తవ్వుకునే లైసెన్సు ఆసియా వాళ్లకు చట్టప్రకారం ఇచ్చేవారు కాదు. మోసుకురావచ్చు, తవ్వకూడదు! కూల్‌గార్డీ శ్మశానంలో వాళ్ల సమాధులు ఒక పక్కగా ఉన్నాయి. నేను సెలవు రోజున వెళ్లి చూసి వచ్చాను. మీ వ్యాసంలో వాళ్ల గురించి ఒక్క వాక్యమైనా ఉంటుందని చివరిదాకా ఆశగా చదివాను.

అదే శ్మశానంలో టైఫాయిడ్‌తో పోయినవాళ్లు చాలామంది ఉన్నారు, ఎక్కువగా వయసు కుర్రాళ్లు. నర్సుగా నాకు అక్కడ కాళ్లు కదల్లేదు. టైఫాయిడ్ జ్వరం మూడు నాలుగు వారాలు పట్టి ఉంటుంది. రోగికి గంటగంటకీ నీళ్లు తాగించాలి, ఒళ్లు తడిగుడ్డతో తుడవాలి, దుప్పట్లు ఉతకాలి, చూసేవాళ్లు ప్రతిసారీ చేతులు కడుక్కోవాలి. నీళ్లు లేకుండా ఇందులో ఏ ఒక్క పనీ జరగదు. ఆ రోజుల్లో నీళ్లంటే, ఉప్పునీటిని ఇనుప తొట్లలో మరిగించి, ఆవిరిని చల్లార్చి, గ్యాలన్ల లెక్కన అమ్మేవి. మరిగించే కట్టెల కోసం చుట్టుపక్కల చెట్లు నరికేశారు. జబ్బుకు మందు లేదు, యాంటిబయాటిక్ రావడానికి ఇంకా యాభై ఏళ్లు పడుతుంది. ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్ నుంచి 1895లో పశ్చిమ ఆస్ట్రేలియాకు వచ్చిన సెయింట్ జాన్ ఆఫ్ గాడ్ సిస్టర్లు, తర్వాత ఈ బంగారు ఊళ్లకూ వచ్చి, ఈ రోగులకు సేవ చేశారు. చేతులు కడుక్కోవడానికి కూడా నీళ్లు చూసుకుని వాడుకోవాల్సిన చోట వాళ్లు ఎలా పనిచేశారో, నేను వార్డులో కుళాయి తిప్పిన ప్రతిసారీ గుర్తొస్తుంది.

ఆ కుళాయి వెనక ఉన్న మనిషి సి.వై. ఓకానర్ అనే ఇంజనీరు. పెర్త్ దగ్గర మండారింగ్‌లో ఆనకట్ట కట్టి, 530 కిలోమీటర్ల పైపులైన్ వేసి, ఎనిమిది పంపింగ్ స్టేషన్లతో నీళ్లను ఎడారిలోకి ఎక్కించాలన్నది ఆయన ప్లాన్. నీళ్లు ఎగువకు రావన్నారు, ప్రజల డబ్బు తగలేస్తున్నాడన్నారు. ఈ మాట మీ పత్రికకే రాస్తున్నాను కాబట్టి చెప్పాలి, పెర్త్ పత్రిక ఒకటి ఆయన అవినీతిపరుడని అచ్చేసింది. 1902 మార్చి 10న ఆయన గుర్రమెక్కి ఫ్రీమాంటిల్ దగ్గర సముద్రతీరానికి వెళ్లి ప్రాణం తీసుకున్నాడు. 1903 జనవరి 24న కాల్గూర్లీలో నీళ్లు పడ్డాయి. ఆయన లెక్క తప్పలేదు. ఈ రోజుకీ ఊరు తాగేది ఆ పథకం నీళ్లే.

వ్యాసంలో సూపర్ పిట్ అనే ఇక్కడి బంగారు గని గొయ్యి ఫొటో పెద్దదిగా వేశారు. మూడున్నర కిలోమీటర్ల పొడవు, 600 మీటర్ల పైన లోతు, ఎవరైనా నోరు తెరిచి చూస్తారు. నేనూ చూశాను. కానీ ఈ ఊరు పుట్టింది ఆ గొయ్యి తవ్వినందుకేనని చదివేవాళ్లు అనుకుంటారు. నీళ్లు లేకపోతే బంగారం ఉన్నా ఊరు నిలవదు. కూల్‌గార్డీలో బంగారం తక్కువేం దొరకలేదు. 1892లో బెయిలీ అనే ఆయన ఒకేసారి 554 ఔన్సులు, అంటే 17 కిలోలు, తెచ్చి చూపించాడు. అదొక్కటే చాలని నమ్మి వచ్చినవాళ్లలో ఎంతోమంది దాహంతో, జ్వరంతో ఇక్కడే మట్టిలో కలిశారు.

ఇంకొక్క సంగతి. హానన్ స్ట్రీట్‌లో ఉన్న హానన్ విగ్రహాన్ని మీరు ఛాతీ వరకే వేశారు. ఆయన కూర్చుని ఉంటాడు, చేతిలో నీళ్ల సంచి ఉంటుంది. 1929లో మొదటి విగ్రహం పెట్టినప్పుడే ఆ సంచిలోంచి దారిన పోయేవాళ్లకు తాగునీళ్లు వచ్చేలా పైపు పెట్టారు. ఇవాళ పొద్దున డ్యూటీ నుంచి వస్తూ పూర్తి ఫొటో ఒకటి తీశాను, ఈ ఉత్తరంతో పంపుతున్నాను. చిన్నదిగానైనా, సంచి కనపడేలా వేయగలరు.

ఇట్లు,
ఒక నర్సు,
కాల్గూర్లీ, పశ్చిమ ఆస్ట్రేలియా