పైపుల చుట్టూ సందులు

ఒరేయ్ మిత్రమా,

బేస్‌మెంట్‌లో బోర్డులు, రంగులు అన్నీ అయిపోయాయి, పైపులు గోడలోకి దూరే చోట సందులు మాత్రం మిగిలాయి అని రాశావు. కొడితే ఉబ్బి గట్టిపడే స్ప్రే ఫోమ్ ఒక్క డబ్బాతో అన్నీ మూసేస్తానన్నావు చూడు, అక్కడే నాకు టెన్షన్. ముందు టార్చి పట్టుకుని ఒక్కో పైపు దగ్గరా కాసేపు కూర్చో. ఏ సందులోంచి ఏం వస్తోందో తెలియకుండా ఏదీ మూయకు.

చన్నీళ్ల పైపు తడిమితే ఒళ్లంతా చెమర్చి ఉందనుకో, సాధారణంగా అది గాలిలోని తేమే. ముందు దానికి ఫోమ్ తొడుగు వెయ్యి. లేకపోతే ఆ నీళ్లు బోర్డు వెనక్కి జారి బూజు పట్టిస్తాయి. బయటి కాంక్రీటు గోడలోంచే నీరు ఊరుతుంటే తడిలోనూ గట్టిపడే హైడ్రాలిక్ సిమెంటు కావాలి. నిమిషాల్లో బిగుసుకుపోతుంది, పిడికెడు చొప్పునే కలుపుకో.

వేడినీళ్ల పైపు సంగతి వేరు. వేడెక్కితే సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. చుట్టూ పుట్టీ దట్టించావంటే కొన్నాళ్లకే వెంట్రుకంత పగులు గుండ్రంగా తేలుతుంది. అక్కడ సాగే సీలెంటే, అంటే సందులు మూసే రబ్బరులాంటి పేస్టే వాడాలి. పైన రంగు వేస్తావు కాబట్టి అక్రిలిక్ తీసుకో, మామూలు సిలికాన్ మీద రంగు నిలవదు. సందు వెడల్పుగా ఉంటే ముందు బ్యాకర్ రాడ్ అనే మెత్తటి ఫోమ్ తాడు లోపలికి నొక్కి, దాని మీద సీలెంటు పట్టించు. సీలెంటు లోతు సందు వెడల్పులో సగం ఉంటే చాలు. నిండా కూరితే సరిగ్గా సాగలేక అంచుల దగ్గర ఊడొస్తుంది.

చిట్టెలుకకి 6 మిల్లీమీటర్ల సందు చాలురా! ఫోమ్‌ని అది హాయిగా కొరికేస్తుంది. లోపల రాగి జాలీ దట్టించు. మామూలు ఇనుప పీచు వద్దు, తడికి తుప్పు పట్టి గోడ మీద మరకలు దిగుతాయి.

బాయిలర్ పొగగొట్టం దగ్గరికి మాత్రం ఆ ఫోమ్ డబ్బా తీసుకెళ్లనని నాకు మాటివ్వు. మామూలు ఫోమ్ మండుతుంది. అక్కడ రేకు పట్టీ, వేడిని తట్టుకునే సీలెంటు ఉండాలి. అది తెలిసినవాళ్ల చేతే చేయించు.

ఇక అందం అంటావా, పైపు విప్పకుండానే తొడిగే రెండు ముక్కల గుండ్రటి మూతలు దొరుకుతాయి. సీలెంటు ఆరాక పెట్టు. వాల్వులున్న చోట గోడ మూసెయ్యకు, చిన్న తలుపు పెట్టించు. ఆ మూల ఫోటో పంపితే ఎంత సైజు తలుపు కావాలో చెప్తాను.

నీ
స్నేహితుడు