మా మోడల్ ఓడల కస్టమర్లకు: ఆలస్యం గురించి, కొత్త ధరల గురించి

అందరికీ నమస్కారం. దసరాకు ఇస్తామని ఆర్డర్ తీసుకున్న మోడల్ ఓడల్లో కొన్ని సంక్రాంతికి గానీ మీ చేతికి రావు. అడ్వాన్స్ ఇచ్చిన అందరికీ విడిగా ఫోన్ చేస్తున్నాం. ఇక వద్దనుకున్నవాళ్ళకు మొత్తం డబ్బు తిరిగి ఇచ్చేస్తాం. ఆగుతామన్నవాళ్ళకు మాత్రం ఆలస్యం ఎక్కడ వస్తోందో, ఇకపై ఏం మారుతుందో చెప్పాలి.

హల్ (ఓడ ఒళ్ళు), డెక్కు, తుపాకులు, మాస్టు కట్టడంలో ఆలస్యం లేదు. రంగు వేశాక మొదలయ్యే వెదరింగ్‌తోనే వస్తోంది. ఉప్పునీళ్ళు, ఎండ, తుప్పు ఓడ మీద వదిలిన గుర్తులను రంగుతో చూపించే పని అది. అక్రిలిక్ రంగు ఆరాక క్లియర్ లాకర్, అంటే రంగులేని రక్షణ పూత, కొడతాం. ఆ పొర లేకపోతే తర్వాత వేసే ఆయిల్ రంగుల టర్పెంటైన్ కింది రంగును పాడుచేసే ప్రమాదం ఉంది. దాని మీద వాష్, అంటే బాగా పలుచన చేసిన రంగు, వేస్తే రేకుల అతుకుల్లోకి దిగుతుంది. తర్వాత ఆయిల్ రంగు చుక్కలు పెట్టి, చదును బ్రష్‌తో పైనుంచి కిందికి, నీళ్ళు కారే దారిలోనే లాగుతాం. ఆయిల్ రంగు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా గట్టిపడుతుంది. ఒక్కో పొరకు రోజులు పడుతుంది. తొందరపడి పైన మ్యాట్ కోటు (మెరుపు లేని పై పూత) కొడితే, కింద రంగు పచ్చిగా ఉన్నందువల్ల ఆ కోటు తర్వాత పగలొచ్చు.

దానికి తోడు మన వానాకాలం. తేమ ఎక్కువగా ఉన్న రోజు లాకర్ కొడితే పొగ కమ్మినట్టు తెల్లబారుతుంది. థిన్నర్ ఆవిరవుతూ రంగును చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ దాని మీద దిగుతుంది. ఆటోనగర్‌లో లారీలకు రంగులు వేసేవాళ్ళను అడిగినా ఇదే చెబుతారు. అందుకే ముసురు పట్టిన రోజుల్లో మేము స్ప్రే గన్ ముట్టుకోం. ఈసారి అలాంటి రోజులు చాలా వచ్చాయి. ఇక మే నెలలో తంటా వేరు. ఎయిర్‌బ్రష్ నుంచి వచ్చిన రంగు ఓడను తాకేలోపే ఆరిపోయి, గరుకుగా పడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. "ఇంకా తుప్పు కావాలండీ, ఫొటోల్లో ఉన్నట్టు" అని చాలామంది అడుగుతున్నారు. ఆ కోరిక అర్థమవుతుంది, తుప్పు ఉంటే బొమ్మ కంటికి బాగా ఆనుతుంది. కానీ ఒక లెక్క చూడండి. 1/350 స్కేలులో ఒక మిల్లీమీటరు అంటే అసలు ఓడ మీద 35 సెంటీమీటర్లు. మనం సరదాగా గీసిన రెండు మిల్లీమీటర్ల తుప్పు చార నిజం ఓడ మీద రెండడుగుల వెడల్పు దాటుతుంది. నడిచే యుద్ధనౌకను ఏ కెప్టెనూ ఆ స్థితిలో ఉంచడు. నావికులు చిప్పింగ్ సుత్తులతో తుప్పు రాల్చి, ప్రైమరు వేసి, పైన గ్రే కొడుతూనే ఉంటారు. కాబట్టి యుద్ధనౌక మీద నిజంగా కనిపించేవి లంగరు గొలుసు దిగే రంధ్రం కింద చారలు, నీటిగీత దగ్గర ఉప్పు మరకలు, పాత గ్రే మధ్య కొత్త గ్రే అతుకులు. ఆ అతుకులు సరిగ్గా పడితే ఓడలో మనుషులు పనిచేస్తున్నట్టు తెలుస్తుంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైనది అదే. సరుకు ఓడల సంగతి వేరు, వాటికి తుప్పు ధారాళంగా వేస్తాం.

అందుకని ఇకపై ఓడ పేరుతోపాటు ఏ సంవత్సరపు ఓడో కూడా చెప్పండి. విమానాలను మోసే యుద్ధనౌక పాత విక్రాంత్‌నే తీసుకోండి. 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్‌లో నౌకాదళంలో చేరింది, 1997 జనవరి 31న విశ్రాంతి తీసుకుంది. 1971 యుద్ధంనాటి విక్రాంత్‌కు ముందు భాగం చదునుగా ఉంటుంది, డెక్కు మీద సీ హాక్, అలిజే విమానాలు ఉంటాయి. చివరి ఏళ్ళ విక్రాంత్‌కు ముందు స్కీ జంప్ (విమానాలు ఎగరడానికి పైకి వంచిన వాలు) లేస్తుంది, సీ హారియర్ విమానాలు వస్తాయి. ఒకదాని మీద ఇంకొకదాని విమానాలు పెట్టి ఇవ్వమంటే ఇవ్వలేం. విశాఖ బీచ్‌లో ఉన్న కుర్సుర జలాంతర్గామి కావాలన్నా ఇదే ప్రశ్న: మ్యూజియంలో నున్నగా రంగు వేసి ఉన్నదా, సముద్రంలో తిరుగుతున్నప్పటిదా?

ధరల విషయానికొస్తే, కొత్త ఆర్డర్లకు రెండు విడి ధరలు ఉంటాయి. కట్టి రంగు వేయడానికి ఒకటి, వెదరింగ్‌కు ఇంకొకటి. రెండూ కలిపితే ఇప్పటికంటే సుమారు ఐదో వంతు పెరుగుతుంది. వెదరింగ్ లేని శుభ్రమైన ఓడ చాలనుకునేవాళ్ళకు పెరగదు. మూడు మిల్లీమీటర్ల ఎత్తున్న ఇత్తడి రెయిలింగులు, రంగులు విదేశాల నుంచే తెప్పించుకోవాలి, వాటి ఖర్చు ఎక్కువైంది. అయినా పెరుగుదలలో పెద్ద భాగం చేతిపనిదే. మా దగ్గర పనిచేసే ఇద్దరు అమ్మాయిలు గంటల తరబడి భూతద్దం కింద కూర్చుంటారు, వాళ్ళ జీతం పెంచాం. ఇప్పటికే తీసుకున్న ఆర్డర్లు పాత ధరకే.

పార్సిల్ పంపడం ఆపేశాం. 61 సెంటీమీటర్ల విక్రాంత్‌ను ఎంత జాగ్రత్తగా కట్టినా దారి కుదుపులకు మాస్టులు ఊడుతున్నాయి. విజయవాడ గవర్నరుపేటలోని మా షాపుకు వచ్చి తీసుకెళ్ళండి, లేదా ప్రయాణ ఖర్చులు ఇస్తే మేమే తెచ్చి అప్పగిస్తాం.

ఒక సాయం కూడా అడగాలి. విశాఖలో కట్టిన 'జల ఉష'ను 1948 మార్చి 14న నెహ్రూ గారు జలప్రవేశం చేయించారు. ఆ ఓడను కట్టాలని మాకు చాలాకాలంగా ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు అక్కడి షిప్‌యార్డులో పనిచేసి ఉంటే, ఆ ఓడ పాత ఫొటోలు ఏమైనా ఉంటే చూపించండి. మీ ఎదుటే స్కాన్ చేసుకుని వెంటనే తిరిగి ఇచ్చేస్తాం.