నీళ్లతో నడిచే బండి కాదు

ఎడిటర్ గారికి,

హైడ్రోజన్ బండి వార్త వచ్చినప్పుడల్లా ‘నీళ్లతో నడిచే వాహనం’ అని శీర్షిక పెడుతున్నారు. నీళ్లు ఆ బండి తాగేవి కావు, వదిలేవి. కిలో హైడ్రోజన్ గాలిలోని 8 కిలోల ఆక్సిజన్‌తో కలిసి 9 కిలోల నీరవుతుంది. ఆ కలయిక జరిగే ఫ్యూయల్ సెల్‌లో పుట్టే కరెంటే మోటారును తిప్పుతుంది. నీటి నుంచి ఆ కిలో తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు ఖర్చవుతుంది. ఫ్యూయల్ సెల్ తిరిగిచ్చేది 16 నుంచి 20 యూనిట్లు.

అసలు రాయాల్సిన సంగతులు స్టాక్‌లో, అంటే ఫ్యూయల్ సెల్స్ పేర్చిన దొంతరలో, ఉన్నాయి. లోడు మీద ఒక్కో సెల్ ఇచ్చేది 0.6–0.7 ఓల్టులే. అందుకే వందల సెల్స్ పేరుస్తారు. టయోటా మిరాయ్ రెండో తరంలో 330 ఉన్నాయి. అన్నీ సిరీస్‌లో ఉంటాయి కాబట్టి ఒక్కటి నీరసించినా బండి మొత్తం పవర్ తగ్గించుకుంటుంది. సెల్ మధ్యనున్న పలుచని పొర తడిగా ఉంటేనే ప్రోటాన్లను దాటనిస్తుంది. ఎండితే నిరోధం పెరుగుతుంది, పోనుపోను చిల్లులు పడతాయి. తడి ఎక్కువైతే నీటిబొట్లు గ్యాస్ దారులను మూసేస్తాయి. హైడ్రోజన్ వైపు దారి మూసుకుంటే మరీ చేటు: ఆకలిగొన్న సెల్‌లో ఓల్టేజీ తిరగబడి, ఆ కలయికను నడిపించే ప్లాటినాన్ని మోసే కార్బన్‌నే తినేస్తుంది. చలిలో బండి ఆపాక కంప్రెసర్ కాసేపు గాలి ఊదుతూనే ఉంటుంది. అది రిపేరు కాదు, మిగిలిన తడి లోపల గడ్డకట్టకుండా వెళ్లగొట్టడం.

పొరపాటుకు ఎక్కువ ఆస్కారం కూలెంట్ దగ్గర. స్టాక్ కూలెంట్ వందల ఓల్టుల మధ్య తిరుగుతుంది, అందులో అయాన్లు (కరెంటును మోసే కణాలు) దాదాపు ఉండకూడదు. చూడ్డానికి మామూలు కూలెంట్‌లాగే ఉంటుంది, చిక్కంతా అక్కడే. మామూలు ఇంజిన్ కూలెంటో కుళాయి నీళ్లో పోస్తే అందులోంచి కరెంటు పారుతుంది; ఇన్సులేషన్ లోపం చూపించి బండి మొరాయిస్తుంది. అయాన్లను పట్టే ఫిల్టర్‌ను గడువుకు మార్చాలి. కొత్త రేడియేటర్ వేస్తే, అతుకుల్లో మిగిలిన ఫ్లక్స్ (అతికించేటప్పుడు వాడే రసాయనం) పోయేదాకా అయాన్లు తీసేసిన నీటితో కడగాలి.

గాలి ఫిల్టర్ కూడా దుమ్ము ఒక్కటే ఆపితే చాలదు. సల్ఫర్ డయాక్సైడ్ ప్లాటినానికి అంటుకుంటే ఓ పట్టాన వదలదు, కాబట్టి యాక్టివేటెడ్ కార్బన్ ఉన్నదే వేయాలి. ఇంధనం సంగతీ అంతే: హైడ్రోజన్ ఇంధన నాణ్యతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 14687 ప్రకారం కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల్లో 0.2 వంతు మించకూడదు. వంటగ్యాస్‌కు కలిపినట్టు హైడ్రోజన్‌కు వాసన కలపకపోవడానికీ ఇదే కారణం. ఆ వాసనలు ఎక్కువగా సల్ఫర్ పదార్థాలవే.

అందుకే లీకును ముక్కు పట్టలేదు, పగటి వెలుగులో మంటను కన్నూ పట్టలేదు. ఈ బండ్లు నిలిపే షెడ్డులో సెన్సర్‌ను పైకప్పు కింద, అన్నిటికంటే ఎత్తైన చోట బిగించాలి. ఎల్పీజీ అలవాటుకొద్దీ నేల దగ్గర పెడితే హైడ్రోజన్ దాని దాకా దిగి రాదు.

— ఒక పాఠకుడు