బొమ్మ వస్తే సరిపోదు, మాట కూడా వినపడాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

దాతలిచ్చిన కంప్యూటర్లు బళ్లలో మూలన పడి ఉంటున్నాయని, టీచర్లకు చేతకాకే అలా వదిలేస్తున్నారని మీ జిల్లా పేజీలో రాశారు. 'చేతకాక' అన్న మాట దగ్గర నా మనసు చివుక్కుమంది. నేను మధురవాడలో ఒక చిన్న కంపెనీలో 13 ఏళ్లుగా లినక్స్ డ్రైవర్లు రాస్తున్నాను. లినక్స్ కంప్యూటరుని నడిపే మూల సాఫ్ట్‌వేరు. డ్రైవరంటే దానికీ తెర, స్పీకరు లాంటి సామానుకీ మధ్య మాట కలిపే ప్రోగ్రాము. నెలకో శనివారం పెందుర్తి వైపు ఒక బడికి వెళ్లి అక్కడి ఆరు కంప్యూటర్ల బాగోగులు చూస్తుంటాను. అక్కడ జరిగింది చెబితే తప్పు ఎవరిదో మీ పాఠకులే తేల్చుకుంటారు.

అవి అరచేతిలో పట్టే బోర్డులు. మానిటరు వెనక స్క్రూలతో బిగించారు. విడిగా స్పీకర్లు లేవు. ఒక్క హెచ్‌డీఎంఐ కేబులే ఉంది, బొమ్మా మాటా రెండూ అందులోంచే వెళ్లాలి. ఎనిమిదో తరగతిలో చూపు లేని అమ్మాయి ఒకరున్నారు. తెర మీదున్నది చదివి వినిపించే ఓర్కా స్క్రీన్ రీడరు పెట్టి, ఈస్పీక్ అనే ప్రోగ్రాము తెలుగు గొంతుతో ఆ అమ్మాయికి టైపింగ్ నేర్పుతున్నాం. అక్షరం నొక్కితే కంప్యూటరు ఆ అక్షరం పలుకుతుంది. పలికేదాకా ఆ పిల్ల కీ మీంచి వేలు తియ్యదు.

ఒకరోజు గాలివానకి కరెంటు పోయి వచ్చింది. ఆరు మానిటర్లూ వెలిగాయి. పిల్లలంతా "వచ్చింది, వచ్చింది" అని అరుస్తుంటే ఆ అమ్మాయి నా కొంగు పట్టుకుని, "బొమ్మొచ్చిందంతన్నారు, నాకేటీ ఇనబడ్నేదు మేడం" అంది. చూస్తే ఆరింట్లో నాలుగు మూగబోయాయి. బోర్డులు అమ్మినవాళ్లకి టీచరుగారు అంతకుముందే రెండుసార్లు ఫోన్ చేశారట. మానిటర్లలో స్పీకర్లు పోయాయి, కొత్తవి కొనుక్కోమన్నారట. నాలుగు మానిటర్ల స్పీకర్లు ఒక్క రోజే పోతాయా?

పోలేదు. బోర్డు ముందు లేచింది, మానిటరు తర్వాత మేలుకుంది. అంతే జరిగింది. మానిటరు తన సంగతులన్నీ ఈడీఐడీ అనే చిన్న పట్టికలో రాసి ఉంచుతుంది. ఎన్ని చుక్కల తెర, స్పీకరు ఉందా లేదా, ఎలాంటి ధ్వని తీసుకోగలదు, అన్నీ అందులోనే. బోర్డు లేవగానే డిస్‌ప్లే డ్రైవరు ఆ పట్టిక అడిగింది. జవాబు రాలేదు. కాసేపటికి మానిటరు మేలుకుని కేబుల్‌లోని హాట్‌ప్లగ్ పిన్ను ద్వారా 'నేనున్నాను' అంది. డిస్‌ప్లే డ్రైవరు మళ్లీ చదువుకుని బొమ్మ సరిచేసుకుంది. కానీ ఆ కబురు ఆడియో డ్రైవరుకి చెప్పలేదు. ఆడియో వైపు ఈఎల్‌డీ తెరిచి చూశాను, అన్నీ సున్నాలే. ఈఎల్‌డీ అంటే ఈడీఐడీలోంచి ధ్వనికి కావలసినంత వరకు తీసి ఇచ్చే నకలు. మానిటరే లేదనుకుని సిస్టమ్ సౌండంతా హెడ్‌ఫోన్ రంధ్రానికి పంపిస్తోంది. అక్కడ ఏ వైరూ గుచ్చి లేదు.

లినక్స్‌లో బొమ్మ సంగతి డీఆర్ఎం చూస్తుంది, ధ్వని సంగతి ఆల్సా చూస్తుంది. రెండూ వేరువేరు కాపురాలు, రాసేవాళ్లూ వేరు. తీగ మాత్రం ఒక్కటే. 2002లో వచ్చిన తొలి హెచ్‌డీఎంఐ నుంచీ ధ్వని బొమ్మ సందుల్లోనే ప్రయాణిస్తోంది. 1080పీ తెరలో ఒక గీతకి 1920 చుక్కలు కనిపిస్తాయి గానీ తీగ మీద ఒక్కో గీతకి 2200 చుక్కల వేళ పడుతుంది. మిగిలిన ఆ 280 చుక్కల ఖాళీలో మాటను ఇరికించి పంపుతారు. ధ్వని ఏ వేగంతో నడవాలో చెప్పే గడియారం విడిగా వెళ్లదు. ఎన్, సీటీఎస్ అనే రెండు అంకెలు పట్టుకుని మానిటరే దాన్ని మళ్లీ కట్టుకోవాలి. 48 కిలోహెర్ట్జ్ ధ్వనికి ఎన్ 6144. బొమ్మ గడియారం 148.5 మెగాహెర్ట్జ్ అయితే సీటీఎస్ 148500. మొదటిది తేల్చాలంటే ధ్వని వేగం తెలియాలి, అది ఆడియో డ్రైవరు దగ్గరుంటుంది. రెండోదానికి బొమ్మ వేగం తెలియాలి, అది డిస్‌ప్లే డ్రైవరు దగ్గరుంటుంది. కొన్ని చిప్పులు సీటీఎస్ తామే లెక్కేసుకుంటాయి గానీ, అప్పుడైనా ఎన్ ఎవరో ఒకరు రాయాల్సిందే. ఒకరి లెక్క ఒకరికి చెప్పుకోకుండా ఈ పని జరగదు.

చెప్పుకోవడానికి దారి కెర్నల్‌లో, అంటే లినక్స్ నడిబొడ్డులో, ఉంది. హెచ్‌డీఎంఐ కోడెక్ అనే ఉమ్మడి డ్రైవరుకి డిస్‌ప్లే డ్రైవరు కొన్ని ఫంక్షన్లు, అంటే ఒక్కో పని చేసే చిన్న కోడు ముక్కలు, అందించాలి. ధ్వని మొదలుపెట్టేది, ఆపేది తప్పనిసరి. ఈఎల్‌డీ ఇచ్చేది, కేబుల్ పెట్టారో తీశారో కబురు పంపేది మాత్రం ఐచ్ఛికం. ఈ బోర్డు డ్రైవరులో కబురు పంపే ఫంక్షను పేరుకి ఉంది. బోర్డు లేచినప్పుడు ఒక్కసారి చెబుతుంది, ఆ తర్వాత మరి నోరెత్తదు. మానిటరు త్వరగా మేలుకున్న రెండింటికి అందుకే మాట వచ్చింది.

కెర్నల్ జీపీఎల్ అనే లైసెన్సు కిందిది, దాని ప్రకారం సోర్సు, అంటే అసలు కోడు, అడిగే హక్కు కొన్నవాళ్లకుంది. అడిగి తెప్పించుకుని సవరణ రాశాను. నా మొదటి సవరణతో బోర్డు బిగుసుకుపోయింది. ఒకరు వాడుతున్న సమాచారాన్ని ఇంకొకరు ముట్టకుండా కోడులో తాళం వేస్తాం. ఆ తాళం వేసుకునే నేను ఆడియో వైపు కబురు పంపాను. వాళ్లు వెంటనే ఈఎల్‌డీ కోసం తిరిగొచ్చి అదే తాళం దగ్గర నిలబడ్డారు. ఇద్దరూ కదలరు. ఈఎల్‌డీ నకలుకి వేరే చిన్న తాళం పెట్టి, పెద్దది వదిలేశాకే కబురు పంపేలా మార్చాక సరిపోయింది. కోడు మొత్తం 40 వరసలు కూడా లేదు. కానీ ఎవరు ఎవర్ని ఎప్పుడు పిలవాలి, అప్పుడు ఎవరి చేతిలో ఏ తాళం ఉండాలి అన్నది మొదటి రోజే కాగితం మీద రాసుకోవలసిన విషయం. బొమ్మ వచ్చాక ధ్వని సంగతి చూద్దాం అనుకునే చోట ఈ కాగితం ఎవరూ రాయరు.

ఇంకో సంగతి కూడా ఆ పిల్ల దగ్గరే తెలుసుకున్నాను. పది నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే తెర నిద్రపోతుంది. బొమ్మ సిగ్నలే ఆగిపోతే దాని సందుల్లో వెళ్లే మాటా ఆగిపోతుంది. తెలుగు పాఠం చదివించుకుంటూ చేతులు ఒళ్లో పెట్టుకుని వింటున్న పిల్లకి కథ మధ్యలో తెగిపోయింది. ప్రస్తుతానికి సెట్టింగులో తెర నిద్ర తీసేశాను. ధ్వని నడుస్తున్నంతసేపు సిగ్నల్ ఆపకుండా నల్ల బొమ్మయినా పంపుతూ ఉండాలని నా అభిప్రాయం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక రోజుల తరబడి చీకట్లో ఉన్న ఊరు మనది. ఇప్పటికీ గాలి వీస్తే కరెంటు పోతుంది. మన బళ్లకి సామాను కొనేవారిని నేను చేతులు జోడించి అడిగేది ఒకటే. బిల్లు మీద సంతకం పెట్టే ముందు మెయిన్ ఆపి మళ్లీ వేయండి, కేబుల్ పీకి మళ్లీ పెట్టండి, కళ్లు మూసుకుని వినండి. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో పాఠాలు చెప్పేవారు చివరి ఏడాది ప్రాజెక్టుకి ఇలాంటి డ్రైవరు ఒక్కటి ఇవ్వండి. నిజం బోర్డు మీద, నిజం కేబుల్‌తో చేయించండి.

సవరణ అమ్మినవాళ్లకి పంపి నెలన్నర దాటింది, జవాబు లేదు. అదే బోర్డు విశాఖలో ఏ బడిలో మూగబోయినా మీ ఆఫీసుకి ఒక కార్డు రాయమనండి. నా చిరునామా మీ దగ్గర ఉంచాను, శనివారం వెళ్లి సరిచేసి వస్తాను.

ఇట్లు,
ఒక డ్రైవర్ల ఇంజనీరు,
గోపాలపట్నం, విశాఖపట్నం.